రూల్‌బుక్కుకు కొత్త జాకెట్: చిక్కడపల్లి ప్రెస్సు పనితనం

బల్ల చుట్టూ కూర్చుని పాత్రలుగా మారి కథ నడిపే ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్. దాని పుస్తకాలకు అభిమానులు గీసిన అట్ట బొమ్మలు నెట్‌లో ఉచితంగానే దొరుకుతాయి. వాటిని అచ్చు వేయించి, పుస్తకానికి సరిగ్గా తొడగడమే అసలు పని. హైదరాబాద్ చిక్కడపల్లిలోని ఒక చిన్న డిజిటల్ ప్రెస్సు 2014 నాటి నియమాల పుస్తకం ప్లేయర్స్ హ్యాండ్‌బుక్కుకూ, 2024 నాటి దానికీ వేసిచ్చిన రెండు జాకెట్ల (అట్ట పైన తొడిగే విడి కాగితపు తొడుగుల) మీద ఈ సమీక్ష. అచ్చు చాలా బాగుంది. మడతలు మాత్రం దగ్గరుండి చేయించుకోవాలి.

మొదటి చిక్కు షీటు సైజుతోనే. మామూలు డిజిటల్ ప్రెస్సుల్లో 12×18, 13×19 అంగుళాల షీట్లే నడుస్తాయి. 13×19 అంటే 33×48 సెంటీమీటర్లు. ఈ పుస్తకానికి ఒక్కో అట్ట వెడల్పు సుమారు 22, వెన్ను 2 దాటుతుంది, లోపలికి మడిచే చెవులు చెరో 8. మొత్తం 62 సెంటీమీటర్ల పైమాటే. 13×19 షీటు రెండు అట్టలకీ వెన్నుకీ సరిపోయి, చెవుల దగ్గర చేతులెత్తేస్తుంది. ఈ ప్రెస్సులో పొడవాటి షీటు తీసుకునే మెషీను ఉంది, అక్కడికి వెళ్లడానికి పెద్ద కారణం అదే. అది లేనిచోట ‘రెండు ముక్కలు వేసి అతికిద్దాం సార్’ అంటారు. ఒప్పుకోకండి. అతుకు వెన్ను దగ్గర పడుతుంది, ఆట మధ్యలో పుస్తకం తెరిచినప్పుడల్లా లాగుడు పడేదీ అక్కడే. చెవులు 6 సెంటీమీటర్ల కంటే తగ్గించినా పుస్తకాన్ని బల్లమీద పరిచినప్పుడు జాకెట్ జారిపోతుంది.

కొలతలు మీరే తీసుకెళ్లాలి. ప్రెస్సువాళ్లు ఫైలు ఎలా ఉంటే అలాగే వేస్తారు. 2014 పుస్తకం 320 పేజీలు, 2024ది 384. పాతదాని కోసం చేసిన ఫైలును కొత్తదానికి వాడితే వెన్ను మీద ఉండాల్సిన పేరు పక్కకి జరుగుతుంది. పేజీలు లెక్కపెట్టి అంచనా వేయడం కంటే, పుస్తకం మూసి, ఒక కాగితం పట్టీని ముందు అట్ట అంచు నుంచి వెన్ను మీదుగా వెనక అట్ట అంచు దాకా చుట్టి, గీతలు పెట్టుకోవడం నమ్మకమైన పద్ధతి. వెన్ను పక్కనున్న గాడిలోకి పట్టీని నొక్కకూడదు. చాలామంది మరిచిపోయేది అట్ట మందం: చెవి మడత అట్ట అంచు దగ్గర కాదు, దాదాపు 3 మిల్లీమీటర్లు బయటికి ఉండాలి. లేకపోతే జాకెట్ బిగుసుకుని, పుస్తకం మూసినప్పుడు ముందు అట్ట పైకి లేస్తుంది.

చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కత్తిరింపులో పోయే అదనపు అంచు) కలిపితే 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర ఫైలు సుమారు 7400×3440 పిక్సెళ్లు రావాలి. అంతకంటే బాగా చిన్న బొమ్మను సాగదీస్తే డ్రాగన్ పొలుసులన్నీ అలికినట్టు కనిపిస్తాయి. స్క్రీన్ మీద మెరిసే ఊదా, నిప్పు నారింజ రంగులు అచ్చులో మసకబారడం ఖాయం. ఈ ప్రెస్సువాళ్లు అడక్కుండానే ఒక చిన్న ముక్క అచ్చు తీసి చూపించారు, దానికి పూర్తి మార్కులు.

లోపం మడతల దగ్గర వచ్చింది. 170 జీఎస్ఎం (చదరపు మీటరుకు 170 గ్రాముల) ఆర్ట్ పేపరు, మ్యాట్ లామినేషన్ (మెరుపు లేని ప్లాస్టిక్ పొర): ఎంపిక సరైనదే. కానీ మొదటి జాకెట్‌ను క్రీజింగ్ (మడత పడేచోట ముందే గాడి నొక్కడం) చేయకుండా స్కేలు పెట్టి చేత్తో మడిచారు. డిజిటల్ మెషీను వాడే రంగు పొడి, అంటే టోనరు, కాగితంలోకి ఇంకదు, పైన పొరలా కూర్చుంటుంది. పైగా పొడవాటి షీట్లలో కాగితం నార తరచూ పొడవు వెంబడే ఉంటుంది కాబట్టి మడత దానికి అడ్డంగా పడుతుంది. ఫలితం, నల్లటి వెన్ను అంచున తెల్లటి పగులు గీత. రెండోదానికి ముందు లామినేషన్, తర్వాత క్రీజింగ్, ఆఖరున కటింగ్ అని కాగితం మీద రాసిచ్చాక మడత నున్నగా వచ్చింది.

ఇంకో సంగతి: లామినేషన్ ఒకవైపే ఉంటుంది కాబట్టి వానాకాలం లోపలి కాగితం తేమ పీల్చి సాగుతుంది, బయటి ఫిల్మ్ సాగదు. చెవులు బయటికి విచ్చుకుంటాయి. స్కూలు పుస్తకాలకు వేసే పారదర్శక అట్ట పైన తొడిగితే ఆగుతాయి. టేపు ప్లాస్టిక్‌కే అంటించండి, పుస్తకం అట్టకు వద్దు.

ప్రచురణకర్తలైన విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ అభిమానుల పనిని ఉచితంగా పంచుకోనిస్తారు, అమ్మకానికి ఒప్పుకోరు, తమ లోగోలు వాడనివ్వరు. కాబట్టి పేరును మామూలు అక్షరాలతో పెట్టిన ఫైలునే ఎంచుకోండి. వేయించుకోవచ్చో లేదో బొమ్మ గీసినవాళ్లు ఏమని రాశారో కూడా చదవండి.

ఆ పేరుకు బంగారు మెరుపు కావాలంటే ఈ ప్రెస్సులో కుదరదు. పెళ్లి శుభలేఖలు వేసే ఛత్తా బజార్ వైపు ఫాయిల్ పని (వేడి అచ్చుతో మెరిసే పొర అంటించడం) అడగాలి. లామినేషన్ అయ్యాక, మడతలు పడకముందు, షీటు చదునుగా ఉండగానే తీసుకెళ్లండి. లామినేషన్ మీద పట్టే ఫాయిలేనా అని ఒక పనికిరాని ముక్క మీద కొట్టి చూపించమనండి. ఒక్క జాకెట్ కోసమైతే ఖర్చంతా బ్లాకుకే (ఆ పేరు చెక్కిన లోహపు అచ్చుకే) పోతుంది. మీ ఆట జట్టులో అదే పుస్తకం ఉన్నవాళ్లందరి షీట్లూ ఒకేసారి ఇస్తే ఆ బ్లాకు అందరికీ సరిపోతుంది.