పెట్రోల్ స్కూటరా, కరెంటు స్కూటరా? బెజవాడలో ఏది మేలు?

బెజవాడలో ఎవరైనా కరెంటు స్కూటర్ కొనమంటారా అని సలహా అడిగితే, నేను ముందు అడిగేది ఒకటే: రాత్రిపూట బండి ఎక్కడ పెడతారు? లీటరు పెట్రోలు 110 రూపాయలకు అటూ ఇటూ వచ్చాక అందరూ ఖర్చు దగ్గరే లెక్క మొదలుపెడుతున్నారు. ఆ లెక్క రెండు నిమిషాల్లో తేలిపోతుంది. తేలనిది పార్కింగే.

సరే, ముందు ఖర్చే చూద్దాం. భవానీపురం నుంచి ఆటోనగర్‌కి ఉద్యోగానికి వెళ్లొచ్చి, సాయంత్రం పిల్లల్ని ట్యూషన్‌లో దింపే మనిషికి రోజుకు పాతిక ముప్పై కిలోమీటర్లు అవుతాయి. నెలకు 750 అనుకోండి. బెంజి సర్కిల్ సిగ్నళ్లలో ఆగుతూ సాగుతూ పోతే 110 సీసీ స్కూటర్ లీటరుకు 45 ఇస్తే గొప్ప. అంటే నెలకు 1,800 రూపాయల పైమాటే. కరెంటు స్కూటర్‌కి ఛార్జింగ్‌లో పోయేది కూడా కలుపుకుంటే వంద కిలోమీటర్లకు మూడు, మూడున్నర యూనిట్లు పడతాయి. నెలకు పాతిక యూనిట్లు.

షోరూం వాళ్లు ఈ పాతిక యూనిట్లను మూడు రూపాయల చొప్పున లెక్కేసి, "నెలకు 75 రూపాయలేనండీ" అంటారు. అది నమ్మకండి. స్కూటర్ వాడే యూనిట్లు ఇంటి బిల్లులో అడుగున చేరవు, పై శ్లాబులో చేరతాయి. 126 నుంచి 225 యూనిట్ల దాకా యూనిట్ 6 రూపాయలు, 226 నుంచి 400 దాకా 8.75, ఆపైన 9.75. మే నెలలో ఏసీ పుణ్యమా అని మూడొందలు దాటిన ఇంట్లో స్కూటర్ కరెంటు అంతా 8.75 మీదే పడుతుంది. అయినా ఎంత? 220 రూపాయలు. సర్దుబాటు ఛార్జీలనీ, అవనీ ఇవనీ కలిపినా మూడొందల లోపే. నెలకు పదిహేను వందలు మిగిలినట్టే.

బండి ధరలో మాత్రం రెండేళ్ల కిందటి లెక్కలు ఇప్పుడు పనికిరావు. కరెంటు బళ్లకు కేంద్రం ఇచ్చిన ఫేమ్-2 సబ్సిడీ 2024 మార్చితో అయిపోయింది. తర్వాత వచ్చిన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో మొదట బండికి 10,000 దాకా ఇచ్చి, దాన్ని 5,000కి తగ్గించారు. అటు పెట్రోల్ స్కూటర్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 18కి దిగింది. కరెంటు బళ్లకు 5 శాతమే అయినా తేడా కాస్త తగ్గింది. చెప్పుకోదగ్గ రేంజ్ (ఒకసారి ఛార్జ్ చేస్తే వెళ్లే దూరం) ఉన్న కరెంటు స్కూటర్‌కి పెట్రోల్ దానికన్నా ముప్పై నుంచి యాభై వేలు ఎక్కువ పెట్టాల్సిందే. రోజూ తిరిగేవాళ్లకు ఆ డబ్బు రెండు మూడేళ్లలో తిరిగొస్తుంది. వారానికి రెండుసార్లు బీసెంట్ రోడ్డుకి వెళ్లొచ్చే రిటైరైన మాస్టారికి అది ఎప్పటికి తిరిగి రావాలి? ఆయనకి పెట్రోల్ స్కూటరే చాలు.

ఇక పార్కింగ్. సొంత ఇల్లు, కింద షెడ్డు, గోడకి ప్లగ్ ఉంటే ఆలోచించే పనే లేదు, కరెంటు బండి తీసుకోండి. రాత్రి పెడితే తెల్లారేసరికి నిండుతుంది. బంకు దగ్గర క్యూ మర్చిపోవచ్చు.

అపార్ట్‌మెంటు అయితే కథ వేరు. సెల్లార్‌లో కామన్ మీటరు మీదున్న ప్లగ్‌లో ఒకరు ఛార్జింగ్ పెట్టారంటే ఆ ఆదివారం అసోసియేషన్ మీటింగ్‌లో అదే ఎజెండా. "లిఫ్ట్ కరెంటు మేమూ కడుతున్నాం, మీ బండికి మేమెందుకు కట్టాలండీ?" అని అడుగుతారు, అడగడంలో న్యాయం కూడా ఉంది. దీనికి ఓ దారుంది. చాలా అపార్ట్‌మెంట్లలో ఫ్లాట్ల మీటర్లన్నీ సెల్లార్‌లోనే ఒక బోర్డు మీద ఉంటాయి. మీ మీటరు తర్వాత నుంచి మీ పార్కింగ్ చోటికి ఒక లైను లాగించుకుని, దానికి విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే ఆఫ్ అయ్యే స్విచ్చి), తాళం వేసే ప్లగ్ బాక్సు పెట్టించుకుంటే చాలు. దూరాన్ని బట్టి కొన్ని వేలు అవుతాయి. సొంత ఫ్లాటు వాళ్లకు ఇది తేలిక. అద్దెకున్నవాళ్లు మాత్రం బండి బుక్ చేసే ముందే ఓనరుగారిని అడగాలి. బండి ఇంటికొచ్చాక అడిగితే వచ్చే టెన్షన్ అంతా ఇంతా కాదు.

అసలు చిక్కు కొండప్రాంతం వాళ్లది. గుణదల, చిట్టినగర్, విద్యాధరపురం వైపు కొండ మీది ఇళ్లకు మెట్లెక్కి వెళ్లాలి. బండి కింద రోడ్డు పక్కనే ఉంటుంది. మీటరు ఎనభై మెట్ల పైన, స్కూటరు కింద. ఇలాంటివాళ్లకు బ్యాటరీ ఊడదీసుకుని తీసుకెళ్లే రకం పనికొస్తుందని అంటారు. నిజమే కానీ ఆ బ్యాటరీ ఒక్కోటి పది కిలోల దాకా ఉంటుంది. పాతికేళ్ల కుర్రాడు మోస్తాడు. ఆఫీసు నుంచి కూరగాయల సంచితో వచ్చిన అమ్మాయి రోజూ దాన్ని మోస్తుందా? నేనైతే వాళ్లకు పెట్రోల్ బండే చెబుతాను.

ఊడదీసే బ్యాటరీ గురించి ఇంకో మాట. 2022 ఏప్రిల్‌లో మన సూర్యారావుపేటలోనే బెడ్‌రూమ్‌లో ఛార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి ఒకాయన చనిపోయారు. ఆ ఏడాది దేశంలో అలాంటివి వరసగా జరిగాక కేంద్రం బ్యాటరీ పరీక్షల నిబంధనలు బిగించింది, 2022 డిసెంబరు నుంచి అవి అమల్లోకి వచ్చాయి. ఇప్పటి బళ్లు అప్పటివాటికన్నా నయం. అయినా పడకగదిలో, వాకిలికి అడ్డంగా ఛార్జింగ్ పెట్టొద్దు. రోహిణి కార్తె ఎండలో తిరిగొచ్చి, సీటు కింద ఇంకా సెగ కొడుతుండగానే ప్లగ్ పెట్టొద్దు. ఓ గంట చల్లారనివ్వండి.

రిపేరు విషయంలో పెట్రోల్‌కి బెజవాడంత అనుకూలమైన ఊరు ఇంకోటి ఉండదేమో. జవహర్ ఆటోనగర్‌లో దొరకని పార్టు లేదు, దొరక్కపోతే లేతు మీద తయారుచేసి ఇస్తారు. సందు చివర మెకానిక్ కూడా స్పార్క్ ప్లగ్ తీసి గీకి, కిక్కు కొట్టి పంపించేస్తాడు. అదే మెకానిక్ దగ్గరికి కరెంటు స్కూటర్ తోసుకెళ్తే, "బ్రేకులు, టైర్లయితే చూస్తా బాబాయ్, మిగతాది వాళ్లకి తప్ప ఓపెన్ అవదు" అంటాడు. మా వీధిలో ఒకాయన బండి డిస్‌ప్లే ఆగిపోయి సర్వీస్ సెంటర్‌లో పడుంది. ఎప్పుడు ఫోన్ చేసినా పార్టు రావాలండీ అనే మాటే. ఇంజిన్ ఆయిలు ఖర్చు తప్పుతుందన్నది నిజం, కానీ చెడిపోతే చేతులు కట్టుకుని కూర్చోవాలి. కంపెనీ పేరు కన్నా ఊళ్లో దాని సర్వీస్ సెంటర్ ఎలా ఉందో కళ్లారా చూసి కొనండి. ఓ శనివారం పొద్దున వెళ్తే ఎన్ని బళ్లు దుమ్ము పట్టి ఉన్నాయో తెలిసిపోతుంది.

వరద సంగతి సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట వాళ్లను అడగాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి బళ్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. పెట్రోల్ బళ్లకు ఆయిల్ మార్చి, ఇంజిన్ విప్పి కడిగి చాలావాటిని మళ్లీ నడిపించారు. కరెంటు బళ్ల ప్రకటనల్లో ఐపీ67 అని గొప్పగా రాస్తారు. దానర్థం మీటరు లోతు నీళ్లలో అరగంట పరీక్ష తట్టుకుందని, బుడమేరులో నాలుగు రోజులు ఉంటుందని కాదు. ఆ పేటల్లో ఉండేవాళ్లు ఏ బండి కొన్నా థర్డ్ పార్టీతో సరిపెట్టుకోకుండా పూర్తి ఇన్సూరెన్స్ చేయించుకోవాలి.

గుంటూరు నుంచి రోజూ వచ్చిపోయేవాళ్లకు రాను పోను 70 కిలోమీటర్లు. హైవే మీద అరవై పైన తోలితే కంపెనీ చెప్పిన రేంజ్‌లో మూడో వంతు ఎగిరిపోతుంది. చిన్న బ్యాటరీ బండైతే సాయంత్రం కాజ దాటేటప్పటికి కళ్లు రోడ్డు మీద కన్నా పర్సెంటేజీ మీదే ఉంటాయి. పెద్ద బ్యాటరీ, ఆఫీసులో ప్లగ్, ఈ రెండూ ఉంటేనే కరెంటు బండి. లేకపోతే పెట్రోలే, అదీ కాకపోతే రైలు పాసు.

ఇంట్లో ఇప్పటికే పెట్రోల్ బండి ఒకటుండి రెండోది కొనాలనుకునేవాళ్లకు మాత్రం, ప్లగ్ ఉంటే చాలు, నిస్సందేహంగా కరెంటుదే చెబుతాను. పాతదాన్ని ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయమని షోరూంలో గట్టిగానే అడుగుతారు. ఇవ్వకండి. వాళ్లిచ్చే ఆ పదో పదిహేను వేల కన్నా, కరెంటు పోయిన రాత్రికీ, తెనాలిలో పెళ్లికీ అది ఇంట్లో ఉండటమే మంచిది.