స్టెప్ మార్కులు లేని లెక్కలు: ఆన్‌లైన్ ప్రీ కాల్‌క్యులస్‌తో నా ఏడు నెలలు

ఇంటర్‌లో బైపీసీ సీటొచ్చిన రోజు మా ఇంట్లో అందరికంటే ఎక్కువ సంబరపడింది నేనే. డాక్టర్ అవుతానని కాదు, ఇక జన్మలో లెక్కలు చెయ్యక్కర్లేదని. ఇరవై ఏళ్ల తర్వాత కాలిఫోర్నియాలో, డైనింగ్ టేబుల్ మీద పిల్లాడి పక్కనే కూర్చుని, రేడియన్లని డిగ్రీల్లోకి మార్చడం నేర్చుకున్నాను. హెచ్4 వీసా (మా ఆయన ఉద్యోగం మీద వచ్చిన డిపెండెంట్ వీసా) మీద ఉన్నా చదువుకోవడానికి అడ్డులేదు కాబట్టి కంప్యూటర్ సైన్స్ వైపు వెళ్దామనుకున్నా. దానికి కాల్‌క్యులస్ కావాలన్నారు. కాల్‌క్యులస్‌కి ముందు ప్రీ కాల్‌క్యులస్ అన్నారు, అంటే త్రికోణమితి, గ్రాఫులు, లాగరిథమ్స్ ఉండే పునాది కోర్సు.

ఈ ఒక్క కోర్సునే రెండుసార్లు, రెండు వేర్వేరు కమ్యూనిటీ కాలేజీల్లో (ఇక్కడి రెండేళ్ల ప్రభుత్వ కాలేజీలు), రెండుసార్లూ ఆన్‌లైన్‌లోనే తీసుకున్నాను. 2023 వేసవిలో మధ్యలో వదిలేశాను. అదే ఏడాది ఫాల్ (ఆగస్టు నుంచి డిసెంబర్) సెమిస్టర్‌లో పూర్తిచేశాను. పాఠాలు ఒకటే, తీసుకున్న మనిషీ ఒకరే, అనుభవం మాత్రం నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా. కాలేజీల పేర్లు రాయట్లేదు. ఒకే కాలేజీలో కూడా టీచర్ మారితే కోర్సు మారిపోతుంది.

ముందు డబ్బు సంగతి, ఎందుకంటే అందరూ మొదట అడిగేది అదే. కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల్లో రాష్ట్రంలో స్థిరపడినవాళ్లకి యూనిట్‌కి 46 డాలర్లు. నాది 5 యూనిట్ల కోర్సు, అంటే 230 డాలర్లు, పైన చిల్లర ఫీజులు. బయటివాళ్ల కింద లెక్కేస్తే దీనికి ఎన్నో రెట్లు. ఏడాదికి పైగా ఇక్కడే ఉంటున్నామని కాగితాలు చూపిస్తే హెచ్4 వాళ్లకీ ఈ తక్కువ ఫీజు వర్తిస్తుంది. నన్ను మాత్రం మొదట బయటి మనిషి కిందే రాసేసుకున్నారు. బిల్లు చూసి గుండె గుభేల్మంది. అద్దె ఒప్పందం, టాక్స్ కాగితాలు పంపాక సరిచేశారు, పది రోజులు పట్టింది. అందుకే క్లాసులు మొదలవడానికి నెల ముందే ఆ పని పూర్తిచేసుకోండి. ఎఫ్1 (స్టూడెంట్ వీసా) వాళ్ల సంగతి వేరు. ఫుల్ టైమ్ లెక్కలోకి వాళ్లకి ఆన్‌లైన్ క్లాసు ఒక్కటే చెల్లుతుంది, కాబట్టి కాలేజీలో అడగకుండా చేరొద్దు.

ఇక వేసవి కథ. అది ఎనిమిది వారాల కోర్సు. అసింక్రనస్ అని రాసి ఉంది, అంటే క్లాసుకో టైమంటూ ఉండదు, రికార్డు చేసిన వీడియోలు ఎప్పుడైనా చూసుకోవచ్చు. "ఎప్పుడైనా" అన్న మాట చూసి ఆశపడ్డాను. నేను వెయ్యని లెక్క ఒకటుంది. ఇక్కడ ఒక యూనిట్ అంటే మామూలు సెమిస్టర్‌లో వారానికి సుమారు మూడు గంటల పని. 5 యూనిట్లకి పదిహేను గంటలు. అదే కోర్సుని సగం వారాల్లోకి కుదిస్తే ముప్ఫై. వంట, పిల్లాడి ఈత క్లాసులు, ఇండియా నుంచి వచ్చిన అత్తయ్య, వీటన్నిటి మధ్య ముప్ఫై గంటలు ఎక్కణ్ణుంచి తేవాలి? వీడియోలని ఒకటిన్నర స్పీడులో పెట్టి కూర తరుగుతూ చూసేదాన్ని. అర్థమైనట్టే ఉండేది. లెక్కల వీడియోలతో వచ్చిన చిక్కే అది, చేసేవాళ్లు చేస్తుంటే అన్నీ అర్థమైనట్టే ఉంటాయి.

టైము కంటే నన్ను ఎక్కువ ముంచింది హోంవర్క్ సాఫ్ట్‌వేర్. దాని యాక్సెస్ కోడ్‌కే కోర్సు ఫీజులో సగం దాకా అయింది. తెర మీద లెక్క, దాని కింద ఒక చిన్న డబ్బా. జవాబు అందులో టైప్ చెయ్యాలి. ఒక్క లెక్క చెబుతాను. "2 సైన్ స్క్వేర్ ఎక్స్, మైనస్ సైన్ ఎక్స్, మైనస్ 1, ఈక్వల్స్ సున్నా. సున్నా నుంచి 2 పై లోపల ఎక్స్ విలువలన్నీ కనుక్కోండి." నోట్‌బుక్‌లో చక్కగా కారణాంకాలుగా విడగొట్టాను. సైన్ ఎక్స్ 1 కావాలి, లేదా మైనస్ సగం కావాలి. మొదటిదానికి పై బై 2. రెండోదానికి 7 పై బై 6. రెండూ డబ్బాలో కొట్టాను. ఎర్ర గుర్తు, సున్నా మార్కులు. వృత్తంలో సైన్ మైనస్ సగం అయ్యే చోటు ఇంకొకటుంది, 11 పై బై 6. అది మర్చిపోయాను. మన దగ్గర పేపర్ దిద్దే సారైతే పద్ధతంతా చూసి నాలుగు మార్కులకి మూడు వేసేవాడు. డబ్బాకి పద్ధతి కనపడదు. మొత్తం ఒప్పుకి తక్కువైందంటే దానికి అంతా తప్పే.

దాని పక్కన ఒక బటన్ ఉంటుంది, "ఇలాంటిదే ఇంకొకటి చూపించు" అని. నొక్కితే అంకెలు మార్చి ఇంకో లెక్క మొదటినుంచీ చేసి చూపిస్తుంది. దాన్ని చూసి నా అంకెలు వేస్తే ఆకుపచ్చ గుర్తు వచ్చేస్తుంది. అలా మూడు వారాలు హోంవర్క్‌లో నాకు నూటికి తొంభై ఆరు. ఇంట్లో అందరికీ చూపించుకున్నాను కూడా. మొదటి పరీక్షలో నూటికి నలభై ఒకటి. పరీక్షలో ఆ బటన్ ఉండదు కదా.

ఆ పరీక్ష సంగతీ చెప్పాలి. కెమెరా నిఘా సాఫ్ట్‌వేర్ ఒకటి పెట్టమన్నారు. మొదలుపెట్టే ముందు గదంతా కెమెరాకి చూపించాలి. ల్యాప్‌టాప్‌ని రెండు చేతులతో పట్టుకుని, నాలుగు మూలలకీ, టేబుల్ కిందకీ నెమ్మదిగా తిప్పుతున్నాను. తలుపు దగ్గర అత్తయ్య నిలబడి ఉంది.

"ఏంటమ్మా, దిష్టి తీస్తున్నావా?"

నవ్వాపుకోలేకపోయాను. తర్వాత రిపోర్టులో "గదిలో ఇంకో మనిషి, మాటలు వినిపించాయి" అని అనుమానం గుర్తు పడింది. టీచర్‌కి ఈమెయిల్ రాసి, మా అత్తగారికి ఇంగ్లిష్ రాదనీ, త్రికోణమితి అసలే రాదనీ విన్నవించుకోవాల్సి వచ్చింది. మర్యాదగానే వదిలేశారు. ఆ వారమంతా నాకున్న టెన్షన్ మాత్రం లెక్కల వల్ల కాదు.

నాలుగో వారంలో వదిలేశాను. ట్రాన్స్‌క్రిప్టు (మార్కుల జాబితా) మీద "డబ్ల్యూ" పడింది, అంటే మధ్యలో తప్పుకున్నట్టు. దాదాపు ముప్పావు వంతు కోర్సు అయ్యేదాకా డబ్ల్యూతో తప్పుకోవచ్చు, ఎఫ్ (ఫెయిల్) కంటే అది వెయ్యి రెట్లు నయం. అయితే ఆ పాటికి డబ్బు వెనక్కి రాదు, అదీకాక డబ్ల్యూ కూడా ఒక ప్రయత్నం కిందే లెక్క. ఒకే కోర్సుకి ఇన్ని ప్రయత్నాలే అని పరిమితి ఉంటుంది. మొదటి ఒకట్రెండు వారాల్లో తప్పుకుంటే మచ్చ లేకుండా బయటపడొచ్చు, ఆ తేదీ సిలబస్‌లోనే ఉంటుంది. నేను చూడలేదు. ఇంకో మాట, మొదటి వారంలో లాగిన్ అయి ఏదో ఒక అసైన్‌మెంట్ చెయ్యకపోతే టీచరే పేరు తీసేస్తారు. వెయిటింగ్ లిస్టులో జనం ఉంటారు మరి.

ఫాల్‌కి వచ్చేసరికి కాస్త బుద్ధొచ్చింది. కాలిఫోర్నియా వర్చువల్ క్యాంపస్ సైట్‌లో రాష్ట్రంలోని వేరే కాలేజీల ఆన్‌లైన్ క్లాసులు కూడా వెతకొచ్చు. పదహారు వారాల సెక్షన్లు మాత్రమే చూసుకుని, ముగ్గురు టీచర్లకి ఒకే ప్రశ్న రాశాను. "చేత్తో చేసిన లెక్కలు మీరు చూస్తారా, లేక సాఫ్ట్‌వేరే దిద్దుతుందా?" ఒకరు జవాబివ్వలేదు. ఒకరు సాఫ్ట్‌వేరే అన్నారు. మూడో ఆవిడ, "వారానికి ఆరు లెక్కలు కాగితం మీద చేసి, ఫోన్‌తో స్కాన్ చేసి పంపాలి, నేనే దిద్దుతాను" అని రాసింది. ఆవిడ దగ్గరే చేరాను. పుస్తకం ఓపెన్‌స్టాక్స్ వాళ్లది, ఆన్‌లైన్‌లో ఉచితం. గ్రాఫులకి డెస్మోస్, అదీ ఉచితమే. షెడ్యూల్‌లో "జీరో టెక్స్ట్‌బుక్ కాస్ట్" అన్న గుర్తున్న సెక్షన్లు ఇలాంటివే.

మొదటి వారం పంపిన కాగితాలు వెనక్కి వచ్చినప్పుడు నిజంగా చిన్నపిల్లలా ఆత్రంగా తెరిచాను. ఎర్ర సిరాతో రాతలు. ఈ కోర్సు నాకు అర్థమైంది అక్కడినుంచే. గ్రాఫులు పక్కకి జరపడం అనే పాఠం ఒకటుంది. "3 సైన్ ఆఫ్ (2 ఎక్స్ మైనస్ పై బై 3)" గ్రాఫు ఎంత జరిగింది అని అడిగితే, పై బై 3 అని రాశాను. కళ్లెదుట రాసి ఉంది కదా! ఆవిడ ఆ స్టెప్ చుట్టూ సున్నా చుట్టి, "2ని ముందు బయటికి తియ్యి, లోపల ఏం మిగిలిందో అప్పుడు చూడు" అని రాసింది. తీస్తే లోపల ఎక్స్ మైనస్ పై బై 6, అంటే గ్రాఫు జరిగింది పై బై 6. డబ్బా అయితే తప్పు అనేది, అంతే. ఎక్కడ తప్పానో ఆ ఒక్క వాక్యం చెప్పింది.

మా ఆయన ఎంపీసీ, ఆపైన ఇంజనీరింగ్. "ఇవన్నీ మా వన్ ఏ, వన్ బీల్లోవే" అని మొదటినుంచీ ఒకటే దెప్పుడు. ఫార్ములాలు ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెబుతారు. ఈ లెక్క ఇచ్చి చూశాను. పై బై 3 అన్నారు. ఆ సాయంత్రం టీ ఆయనే పెట్టారు.

నాకు బాగా నచ్చిన పాఠం యూనిట్ సర్కిల్. పదో తరగతిలో సైన్ 30 సగం, సైన్ 90 ఒకటి అని పట్టిక బట్టీ కొట్టిన తరం మాది. ఎందుకో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. ఇక్కడ వ్యాసార్థం ఒకటిగా వృత్తం గీస్తారు. దాని మీద ఒక చుక్క తిరుగుతుంటుంది. అది ఎంత పక్కకి ఉందో కొసైన్, ఎంత ఎత్తులో ఉందో సైన్. అంతే. వేసవిలో నేను మర్చిపోయిన 11 పై బై 6 కూడా బొమ్మలో కనిపించింది, ఎడమవైపు ఎంత కిందకి దిగిందో కుడివైపూ అంతే కిందకి. పట్టికతో పనే లేదు. బైపీసీ, సీఈసీ చదివినవాళ్లు సైన్, కొసైన్ దగ్గరే భయపడతారు కానీ నన్ను ఏడిపించింది అది కాదు. భిన్నాలు, మైనస్ గుర్తులు, బ్రాకెట్లు. ఏడో తరగతి సరుకు. చేరేముందు ఒక నెల వాటి మీద కూర్చుని ఉంటే ఎంతో బాగుండేది.

లాగరిథమ్స్ బానే గడిచాయి. ఒక్కటే, చివరికి వచ్చిన జవాబుని వెనక్కి పెట్టి చూసుకోవాలి, మైనస్ అంకెకి లాగ్ ఉండదు. డిస్కషన్ బోర్డు అని వారానికో పోస్టు రాయించారు, దండగ. "గుడ్ జాబ్" అని ఒకరికొకరు చెప్పుకోవడానికి మార్కులు. మంగళవారం రాత్రి జూమ్‌లో టీచర్ ఆఫీస్ అవర్స్ (సందేహాలు అడిగే సమయం) మాత్రం బంగారం. ముప్ఫై మందికి పైగా ఉన్న క్లాసులో వచ్చేది నలుగురం. అందులో ఇద్దరు హైస్కూలు పిల్లలు, స్కూల్లో ఉంటూనే ఈ కోర్సు తీసుకున్నవాళ్లు. ఒకబ్బాయి తెలుగువాడే. నన్ను పేరు పెట్టి పిలవలేక, టీచర్ ముందే "ఆంటీ, యూ ఫర్గాట్ ది మైనస్" అనేవాడు. ఎక్కువసార్లు వాడిదే రైటు.

ఇప్పుడు చేరబోయేవాళ్లకి ఒక హెచ్చరిక. 2022లో వచ్చిన ఏబీ 1705 చట్టం వల్ల 2025 ఫాల్ నుంచి ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలు సైన్స్, ఇంజనీరింగ్ వైపు వెళ్లే చాలామందిని ప్రీ కాల్‌క్యులస్ లేకుండా, పక్కన సహాయక క్లాసు పెట్టి సూటిగా కాల్‌క్యులస్‌లోనే కూర్చోబెడుతున్నాయి. ఇండియాలో ఏ గ్రూపు చదివారో, ఎంతవరకు లెక్కలు చదివారో కౌన్సెలర్‌కి వివరంగా చెప్పి అడగండి. నా వరకైతే ప్రీ కాల్‌క్యులస్ లేకుండా 2024లో కాల్‌క్యులస్ గట్టెక్కేదాన్ని కాదు. అక్కడ కూడా ఏడిపించింది ఆ భిన్నాలూ బ్రాకెట్లే, డెరివేటివ్ (అసలు కాల్‌క్యులస్ పని) నిమిషంలో అయిపోయి, దాన్ని సింప్లిఫై చెయ్యడానికే అరపేజీ పట్టేది. డి ఆంజా, ఫుట్‌హిల్ లాంటి క్వార్టర్ పద్ధతి కాలేజీల్లో టర్ములు ఇంకా చిన్నవి, అవి చూసుకుని చేరండి.

ఫైనల్ పరీక్ష కాలేజీకి వెళ్లి కాగితం మీదే రాయాలన్నారు. కెమెరా తిప్పుళ్లు లేనందుకు నలభై నిమిషాల డ్రైవ్ అయినా సంతోషంగానే వెళ్లాను. టీచర్‌ని ఎదురుగా చూడటం అదే మొదటిసారి. పేరు చెప్పబోతుంటే ఆవిడే నా చేతిలోని నోట్‌బుక్ వైపు చూసి, "ఎక్స్‌ని రెండు వంకరగీతలు వీపులు ఆనించినట్టు రాసేది మీరేనా?" అంది.

బి వచ్చింది. గ్రాఫు జరిపే లెక్క మళ్లీ తప్పాను, 2ని బయటికి తీసిన తర్వాత కూడా మైనస్ గుర్తు మింగేసి ఎడమవైపుకి జరిపాను. నాలుగు మార్కులకి మూడు వేసింది.