పీడీఎఫ్ సైజు తగ్గించడానికి ఏది మేలు: ఆన్‌లైన్ సైటా, సిస్టమ్‌లో సాఫ్ట్‌వేరా?

ఉద్యోగ నోటిఫికేషన్ పడిందంటే చాలు, చుట్టాల నుంచీ స్నేహితుల పిల్లల నుంచీ అదే మెసేజ్: "అన్నా, సర్టిఫికెట్ 200 కేబీ దాటిందని తీసుకోవట్లేదు. ఏ సైట్‌లో తగ్గించాలి?" ఒక సైట్ పేరు చెప్పేస్తే వాళ్ల పని అయిపోతుంది. నేను మాత్రం ఈమధ్య సైట్ పేరు చెప్పడం మానేసి, సాఫ్ట్‌వేర్ పేరు చెబుతున్నాను.

ముందు సైట్ల సంగతి. ఐలవ్‌పీడీఎఫ్, స్మాల్‌పీడీఎఫ్ లాంటివి మోసపు సైట్లేమీ కావు. అప్‌లోడ్ చేసిన ఫైళ్లను ఐలవ్‌పీడీఎఫ్ రెండు గంటల్లో, స్మాల్‌పీడీఎఫ్ గంటలో తమ సర్వర్ల నుంచి తీసేస్తామంటాయి. ఇన్‌స్టాల్ చేసే పని లేదు, ఫోన్‌లోనూ నడుస్తాయి. ఏదీ ఇన్‌స్టాల్ చేయనివ్వని ఆఫీసు ల్యాప్‌టాప్ మీద వేరే దారి కూడా ఉండదు. సిలబస్సులు, పాత ప్రశ్నపత్రాలు, పెళ్లి కార్డులు, నలుగురికీ పంచే ఫైల్ ఏదైనా సరే, సైట్‌లో నిశ్చింతగా పెట్టుకోవచ్చు.

కానీ హడావుడిలో ఉన్నవాళ్లు సైట్ పేరు చూసి వెళ్లరు. గూగుల్‌లో "పీడీఎఫ్ 100 కేబీ" అని కొట్టి, పైన ఏది కనిపిస్తే దాన్ని నొక్కుతారు. అది చాలాసార్లు డబ్బు కట్టి పెట్టుకున్న ప్రకటన. ఇలాంటి ఉచిత కన్వర్టర్ల గురించే 2025 మార్చిలో అమెరికాలో ఎఫ్‌బీఐ డెన్వర్ కార్యాలయం హెచ్చరించింది. ఆ సైట్లు అడిగిన పని చేసిపెడతాయట, అందుకే అనుమానం రాదట. తిరిగొచ్చిన ఫైల్‌లో మాల్‌వేర్ (సిస్టమ్‌కు హాని చేసే ప్రోగ్రామ్) ఉండొచ్చు, మనం ఇచ్చిన ఫైల్‌లోని వివరాలూ వాళ్లు లాగేసుకోవచ్చు.

ఇంతకీ మనం ఇచ్చేది ఏమిటి? టెన్త్ మెమోలో పూర్తి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఉంటాయి. దానికి ఆధార్, పాన్, కుల ధ్రువీకరణ పత్రం, సంతకం కలిపి, ఒకే ఫైల్‌గా మెర్జ్ చేసి మరీ అప్‌లోడ్ చేస్తాం. పాస్‌వర్డ్ బయటపడితే కొత్తది పెట్టుకోవచ్చు, పుట్టిన తేదీని మార్చుకోలేం కదా. నా దృష్టిలో ఏది మేలో తేల్చేది ఇదొక్కటే. వేగం, బటన్ల అందం, ఎన్ని టూల్స్ ఉన్నాయన్నది తర్వాత.

విండోస్ వాడేవాళ్లకు నేను చెప్పేది పీడీఎఫ్24 క్రియేటర్. జర్మనీ వాళ్లది, ఉచితం. మెర్జ్, స్ప్లిట్, కంప్రెస్, పాస్‌వర్డ్ పెట్టడం, తీయడం అన్నీ మన సిస్టమ్‌లోనే జరిగిపోతాయి. ఒక్క చిక్కుంది. ఇదే పేరుతో వెబ్‌సైట్‌లో ఆన్‌లైన్ టూల్స్ కూడా ఉన్నాయి, అక్కడ పెట్టే ఫైల్ వాళ్ల సర్వర్‌కే వెళ్తుంది. డౌన్‌లోడ్ చేసుకోవాల్సింది క్రియేటర్. మీరు తెరిచింది ఏదో అనుమానంగా ఉంటే వైఫై ఆపేసి అదే పని చేయించండి. నెట్ లేకుండా ఫైల్ తగ్గి వచ్చిందంటే అది మీ సిస్టమ్ దాటలేదన్నమాట.

సైట్లలో ఎక్కువగా "తక్కువ, మధ్యస్థం, ఎక్కువ" అని రెండు మూడు బటన్లే కనిపిస్తాయి. క్రియేటర్‌లో డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలో చెప్పే లెక్క), ఇమేజ్ క్వాలిటీ అంకెలు మనమే ఇచ్చుకోవచ్చు, రంగు తీసేసి గ్రే చేయొచ్చు. ఏ4 కాగితాన్ని 300 డీపీఐలో స్కాన్ చేస్తే దాదాపు 87 లక్షల పిక్సెల్స్ వస్తాయి. 150కి దించితే అవి సగం కావు, పావు వంతుకు, అంటే 22 లక్షల లోపుకు పడిపోతాయి. మెమో మీది చిన్న అక్షరాలు అప్పటికీ చదవడానికి వస్తాయి. 100 కన్నా కిందికి వెళ్తే రబ్బరు స్టాంపు, సంతకం అలుక్కుపోతాయి, అప్లికేషన్ రిజెక్ట్ అవుతుందేమోనని మళ్లీ టెన్షన్. చేతిలో స్కానర్ ఉంటే పెద్ద ఫైల్‌ను పిండడం కన్నా 150 డీపీఐ గ్రేలో మళ్లీ స్కాన్ చేయడమే నయం. నోటిఫికేషన్‌లో కలర్ కాపీ అడిగారేమో మాత్రం ముందే చూసుకోండి.

నెట్ సెంటర్‌కు వెళ్లి చేయించుకుంటే సరిపోదా అంటారా? అక్కడి సిస్టమ్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ ఒకసారి తెరిచి చూడండి, ఊళ్లో సగం మంది ఆధార్ కార్డులు వరసగా కనిపిస్తాయి. తప్పనప్పుడు వెళ్లినా మీ ఫైల్ డిలీట్ చేసి, రీసైకిల్ బిన్ ఖాళీ చేయించి, వాట్సాప్ వెబ్ లాగౌట్ అయ్యాకే లేవండి.

సైట్ అయినా సాఫ్ట్‌వేర్ అయినా ఒక జాగ్రత్త ఉంది. ఈ-ఆధార్ పీడీఎఫ్‌కు డిజిటల్ సంతకం ఉంటుంది. కంప్రెస్ చేసినా, వేరే పేజీలతో కలిపినా, ప్రింట్ టు పీడీఎఫ్ కొట్టి పాస్‌వర్డ్ వదిలించుకున్నా ఆ సంతకం చెల్లదు. అందుకని అసలు ఫైల్‌ను అలాగే ఉంచి, కాపీ మీదే పని చేయండి. నంబర్ మొత్తం అడగని చోట చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇస్తే చాలు.

మిగతావి చకచకా చెప్పేస్తాను. పేజీలు కలపడం, విడదీయడం వరకే అయితే పీడీఎఫ్‌శామ్ బేసిక్ చాలు, లినక్స్‌లోనూ నడుస్తుంది, కానీ సైజు తగ్గించదు. లిబ్రేఆఫీస్ డ్రా పీడీఎఫ్‌ను తెరుస్తుంది గానీ తెలుగు అక్షరాలు చెదిరిపోతుంటాయి. అక్రోబాట్ ప్రో అన్నీ చేస్తుంది, ఏడాదికి రెండు అప్లికేషన్లు పెట్టేవాళ్లు దానికి చందా కట్టడం దండగ. మ్యాక్ ఉంటే పేజీలు కలపడానికి దాంతోపాటే వచ్చే ప్రివ్యూనే సరిపోతుంది. అందులోని సైజు తగ్గించే ఫిల్టర్ మాత్రం స్కాన్ కాపీలను మరీ మసకగా చేసేస్తుంది, తగ్గించాక జూమ్ చేసి చూడందే అప్‌లోడ్ చేయకండి.