సుడిదోమ, తేనెటీగ: లోపలి జీవులు ఎవరికి ఎక్కువ అవసరం?

సార్వా వరి దుబ్బు మొదట్లో రసం పీల్చే సుడిదోమ, కోనసీమ కొబ్బరిపూల మీద వాలే తేనెటీగ. రెండూ ఒంట్లో సూక్ష్మజీవుల్ని మోస్తాయి, కానీ ఇద్దరి పద్ధతీ వేరు.

వరి రసంలో చక్కెర పుష్కలం, ప్రొటీన్ల తయారీకి కావలసిన కొన్ని ముఖ్యమైన అమైనో ఆమ్లాలు మాత్రం బాగా తక్కువ. ఆ లోటును ఈస్ట్ లాంటి జీవులు తీరుస్తాయి. ఇవి బాక్టీరియా కాదు, పేగులోనూ ఉండవు. దోమ ఒంట్లోని కొవ్వు కణజాలంలో కాపురం. దోమ వ్యర్థంగా పోగేసుకున్న యూరిక్ ఆమ్లంలోని నత్రజనినే తిరిగి వాడి అమైనో ఆమ్లాలు చేసిపెడతాయి. తల్లి అండాశయం చేరి గుడ్లలోకి దూరతాయి కాబట్టి పిల్లపురుగుకు పుట్టుకతోనే ఆస్తి. ప్రయోగశాలలో వేడితో వీటిని తగ్గిస్తే పిల్లపురుగులు సరిగా ఎదగలేదు. పొలంలో అది కుదిరే పని కాదు. దోమపోటుకు ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట తీయడం, యూరియా తగ్గించడం, నీరు తీసి ఆరగట్టడమే నయం.

తేనెటీగవి అచ్చమైన పేగు బాక్టీరియా. తేనెపట్టు గదిలోంచి బయటపడ్డ కొత్త ఈగకు అవి దాదాపు ఉండవు. కొద్ది రోజుల్లో తోటి ఈగల నుంచి, తేనెపట్టు నుంచి అంటుకుంటాయి. పుప్పొడి గోడల్లోని పెక్టిన్ అనే జిగురు పదార్థాన్ని విడగొడతాయి, రోగకారక క్రిములను అడ్డుకుంటాయి.

నా లెక్కలో దోమదే గట్టి బంధం, ఈగదే సున్నితమైన ఏర్పాటు. టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ పెట్టిన ఈగల్లో పేగు బాక్టీరియా తగ్గి, చావులు పెరిగాయి. పెట్టెల్లో ఈగల్ని పెంచేవాళ్లు ‘ముందుజాగ్రత్త’ అంటూ యాంటీబయాటిక్ కలిపిన పాకం పెట్టకపోవడమే మంచిది.