పారామటాలో 1793 నాటి ఇటుక ఇల్లు

సిడ్నీలో హారిస్ పార్క్ పేరెత్తితే మనవాళ్లకి విగ్రమ్ స్ట్రీట్ దోసెలు, బిర్యానీలే గుర్తొస్తాయి. అక్కడ తినేసి పావుగంట నడిస్తే పారామటా పక్కనే ఉన్న రోజ్‌హిల్‌లో ఎలిజబెత్ ఫామ్ అనే పాత ఇల్లు వస్తుంది. ఆస్ట్రేలియాలో తెల్లవాళ్లు కట్టుకున్న ఇళ్లలో ఇప్పటికీ నిలిచి ఉన్నవాటిలో ఇదే అన్నింటికన్నా పాతది. మా అత్తయ్య, మామయ్య వచ్చినప్పుడు ఓపెరా హౌస్ కన్నా ఇక్కడే ఎక్కువసేపు గడిపారు.

1793లో సైనికాధికారి జాన్ మెకార్థర్ కట్టించినప్పుడు ఇది చిన్న ఇల్లే. ముందువైపు 68 అడుగులు, లోతు 18 అడుగులు, వరసగా నాలుగు గదులు, మేడ లేదు. ఇప్పుడు చల్లగా కూర్చోబుద్ధేసే వెడల్పాటి వసారా, పెద్ద గదులు తర్వాత కలిపినవి. మెరీనో అనే మేలురకం ఉన్ని గొర్రెల్ని ఇక్కడ పెంచిన ఘనత ఆయన ఖాతాలో పడింది గానీ, అప్పటి గవర్నర్ బ్లైని సైన్యం దించేసిన గొడవలో ఆయన హస్తం ఉండటం వల్ల ఆయన 1809 నుంచి 1817 దాకా ఇక్కడ లేనే లేడు. గొర్రెలు, కూలీలు, లెక్కలు అన్నీ చూసుకున్నది భార్య ఎలిజబెత్. పనిచేసినవాళ్లలో చాలామంది ఖైదీలు. ఆ నేల అంతకుముందు బురమటగల్ అనే ఆదివాసీ ప్రజలది. ఈ సంగతి కూడా తెలుసుకునే లోపలికి వెళ్లాలి.

నాకు బాగా నచ్చింది ఏంటంటే, తాళ్లు కట్టి దూరంగా నిలబెట్టరు. సామాన్లు పాతవాటిని చూసి చేయించినవే కాబట్టి కుర్చీల్లో కూర్చోవచ్చు, సొరుగులు లాగి చూడొచ్చు. పిల్లలతో టెన్షన్ ఉండదు. ప్రవేశం ఉచితం. కాకపోతే వారమంతా తెరవరు, వెబ్‌సైట్ చూసుకునే బయల్దేరండి.

దగ్గర్లోనే ఎక్స్‌పెరిమెంట్ ఫామ్ కాటేజ్ ఉంది. 1792లో జేమ్స్ రూస్ అనే రైతుకి పట్టా ఇచ్చిన పొలంలో, దాన్ని కొన్న డాక్టర్ హారిస్ 1830లలో కట్టించాడు. చూడముచ్చటగా ఉంటుంది గానీ టికెట్ ఉంది, లోపల దేన్నీ ముట్టుకోకూడదు. పారామటా పార్క్‌లోని ఓల్డ్ గవర్నమెంట్ హౌస్ (పాతకాలం గవర్నర్ల ఇల్లు) ఇంకా పెద్దది. పెద్దవాళ్లతో వెళ్తే మూడూ పెట్టుకోవద్దు, ఎలిజబెత్ ఫామ్ ఒక్కటి చాలు.

బస మాత్రం పారామటా నడిబొడ్డున తీసుకున్నాం. గది శుభ్రమే, కానీ పార్కింగ్ డబ్బులు వేరని ఖాళీ చేసేటప్పుడు చెప్పారు. ముందే అడగండి. సిటీకి వెళ్లడానికి ఫెర్రీ హాయిగా ఉంటుంది, కాకపోతే నదిలో నీళ్లు తగ్గినప్పుడు అది పారామటా దాకా రాదు, రైడల్మియర్‌లో ఎక్కాలి.