కొబ్బరితోటల మధ్య మొదటి టెలిస్కోపు: తెలియక కొన్నది, తెలిసి కొన్నది

కోనసీమలో మలికిపురం దగ్గర మాకు మోటారు వైండింగు షాపుంది. పగలంతా చేపల చెరువుల ఏరేటర్లు, తోటల్లో బోరు మోటార్లు విప్పడం, బిగించడం. రాత్రి షాపు కట్టేశాక డాబా మీద ఆకాశం చూడటం నా పిచ్చి. ఏడాదిన్నరలో రెండు టెలిస్కోపులు కొన్నాను. ఇప్పుడు వాడుతున్నది స్కై-వాచర్ హెరిటేజ్ 130పి. మొదటిదాని సంగతి చెప్పకపోతే ఇదెందుకు కొన్నానో అర్థం కాదు కాబట్టి ముందు దాని గురించి నాలుగు ముక్కలు.

అమ్మాయి కోసమని ఆన్‌లైన్లో తెప్పించాను. ఆరున్నర వేలు. డబ్బా మీద లడ్డూ అంత గురుగ్రహం, పక్కన ఎర్ర అక్షరాలతో ‘525 రెట్లు’. హార్స్‌పవర్ అంకె చూసి మోటారు కొనేవాళ్లని రోజూ తిట్టుకునే నేనే ఆ అంకె చూసి పడిపోయాను. లెక్కలో అబద్ధం లేదు. ఫోకల్ పొడవు, అంటే ముందు లెన్సు నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం, 700; కన్ను పెట్టి చూసే చిన్న లెన్సు, అదే ఐపీస్, 4 మిల్లీమీటర్లు; భాగిస్తే 175. దానికి బొమ్మని ఇంకా మూడు రెట్లు పెంచే బార్లో లెన్సు తగిలిస్తే 525. కానీ ముందున్న గాజు వెడల్పు 70 మిల్లీమీటర్లే. మిల్లీమీటరుకి రెండు రెట్ల చొప్పున 140 దాటిందంటే బొమ్మ పెద్దదవుతుందే తప్ప కొత్తగా ఏమీ కనపడదు. నీళ్లు కలిపిన కొద్దీ మజ్జిగ పెరిగినట్టు.

అంతకన్నా దరిద్రం దాని స్టాండు. అగ్గిపుల్లల్లాంటి అల్యూమినియం కాళ్లు. ఫోకస్ మర మీద వేలు పెడితే చాలు, చంద్రుడు ఉయ్యాల ఊగుతాడు. “నాన్నా, కాసేపు నువ్వు ఊపిరి పీల్చకు” అంది మా పిల్ల. వాపసు తీసుకోమంటే డబ్బా తెరిచారుగా, కుదరదన్నారు. అందులో ఐపీస్‌కి బిగించే చిన్న నల్లద్దం కూడా వచ్చింది, సూర్యుణ్ని చూడటానికట. లోపల కూడిన వేడికి అది పగిలితే కన్ను పోతుంది. మీకూ వస్తే నాలాగే సుత్తితో కొట్టి పారేయండి. టెలిస్కోపు ముందు మూతికి తగిన సోలార్ ఫిల్టర్ లేకుండా దాన్ని సూర్యుడి వైపు తిప్పకూడదు.

రెండోసారి తొందరపడలేదు. ఫోన్లో ఒక దుకాణదారు ఈక్వటోరియల్ స్టాండు, అంటే చుక్కలు కదిలే దారినే తిరిగే స్టాండు, ఉన్నది తీసుకోమన్నాడు. దాని ఇరుసుని ధ్రువ నక్షత్రం వైపు పెట్టాలి. ధ్రువుడు ఎంత ఎత్తులో ఉంటాడో తెలియాలంటే ఊరి అక్షాంశం చూసుకుంటే సరి. మన కోనసీమకి పదహారున్నర డిగ్రీలు. మా ఉత్తరం వైపు డాబాకి ఆనుకుని కొబ్బరితోట. పుట్టిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లోనే ఉన్నాను, డాబా మీద నుంచి ధ్రువ నక్షత్రం ఒక్కసారీ కనపడలేదు. అందుకని ఆ ఆలోచన మానేశాను.

130పి డాబ్సోనియన్ రకం. అంటే ట్రైపాడ్ ఉండదు. ఒక గుండ్రటి చెక్క పీట, దానిమీద ఒక చెయ్యి, ఆ చేతికి గొట్టం. పక్కకీ పైకీ చేత్తోనే తిప్పుకోవాలి. ఈ పద్ధతికి ప్రచారం తెచ్చిన జాన్ డాబ్సన్ 1944 నుంచి 1967 దాకా అమెరికాలో రామకృష్ణ సంప్రదాయపు మఠంలో సన్యాసి. పాత సామానుతో టెలిస్కోపులు చేసి, ఫుట్‌పాత్ మీద పెట్టి దారిన పోయేవాళ్లందరికీ ఆకాశం చూపించేవాడు. దీని పనితనంలో నాకు ఆ మనిషే కనిపిస్తాడు. పాడవడానికి ఇందులో పెద్దగా ఏమీ లేదు.

అద్దం 130 మిల్లీమీటర్లు. పాతదానికన్నా దాదాపు మూడున్నర రెట్ల వెలుగు పడుతుంది. దీంతో వచ్చే 25, 10 మిల్లీమీటర్ల ఐపీస్‌లతో 26 రెట్లు, 65 రెట్లు. ఇంతేనా అనకండి. ఆ 65 రెట్లకే గురుడి మీద రెండు అడ్డచారలు, పక్కన నాలుగు చంద్రుళ్లు. చీకటి పడగానే చూసి, అన్నం తిని మళ్లీ వస్తే వాటి వరసలో తేడా తెలుస్తుంది. చలికాలంలో గొల్లకావడి కింద ఓరియన్ నెబ్యులా అనే వాయుమేఘం పొగమంచు ముద్దలా కనపడుతుంది. ఫొటోల్లో రంగులు కంటికి రావు, బూడిద రంగే. చంద్రుణ్ని మాత్రం పౌర్ణమికి కాదు, అష్టమికి చూడండి. గుంటల్లో నీడలుంటేనే అందం.

ఇక తలనొప్పులు. పీట నేలమీద పెడితే సాష్టాంగపడి చూడాలి. ప్లాస్టిక్ కుర్చీ మీద పెడితే పాత కథే. పక్క వెల్డింగు షాపులో నడుమెత్తు ఇనప స్టూలు చేయించాను, మూడు కాళ్లతో. మూడు కాళ్లయితే ఎగుడుదిగుడు శ్లాబు మీదైనా ఊగదు.

ఫోకస్ చేసే భాగం మర తిప్పే రకం. కొత్తలోనే వదులుగా ఉంది, ఐపీస్ బరువుకి పక్కకి వాలుతోంది. కుళాయిలకి చుట్టే తెల్లటి టెఫ్లాన్ టేపు మర మీద రెండు చుట్లు చుట్టాక గట్టిపడింది. గొట్టం పైసగం ఖాళీగా రెండు కడ్డీల మీద ఉంటుంది కాబట్టి ఎదురింటి వీధిలైటు నేరుగా లోపలికి కొడుతుంది. పాత గొడుగు గుడ్డతో మా ఆవిడ తొడుగు కుట్టిపెట్టింది.

అసలు శత్రువు మంచు. కార్తీకం దాటితే పదింటికల్లా గొట్టం మీద నీళ్లు జారుతుంటాయి. తడి మీద మూత పెట్టేస్తే అద్దానికి బూజు పడుతుంది. గదిలో కాసేపు ఆరనిచ్చి, సిలికా జెల్ పొట్లాలు వేసి మూసేస్తాను. అద్దాన్ని గుడ్డతో తుడవకండి, గీతలు పడతాయి. వేసవిలో ఇంకో బాధ. పగలంతా కాలిన శ్లాబు రాత్రి సెగ వదులుతుంది, గురుడు మరిగే నీళ్ల అడుగున రూపాయి బిళ్లలా కదులుతాడు. తొమ్మిది దాటాక చూస్తే నయం.

మా అమ్మ చాలా రోజులు దగ్గరికి రాలేదు. శనిని చూద్దువుగాని రమ్మంటే “ఎవరైనా శనికి ఎదురెళ్తార్రా” అంది. నిజానికి అప్పుడు చూడకపోయినా నష్టం లేదు, 2025లో వలయాలు అంచు మనవైపు తిప్పి సన్నటి గీతలా ఉన్నాయి. వైశాఖంలో ఒక రాత్రి అరుంధతిని చూపిస్తానంటే వచ్చింది. సప్తర్షుల్లో వశిష్ఠుడి పక్కన అరుంధతి ఉందా, ఆ వశిష్ఠుడు 65 రెట్లకి రెండు చుక్కలుగా విడిపోతాడు. అమ్మ కన్ను పెట్టి చాలాసేపు తీయలేదు.

“ఒరేయ్, ఇక్కడ ఇద్దరున్నారు.”

“ఆయ్, ఇద్దరే.”

“అయితే అరుంధతి ఎవరి పెళ్లాం?”

ధర సంగతి. ఇది మొదటిదానికి మూడింతలు దాటింది. అంత పెట్టలేకపోతే మధ్యరకం టెలిస్కోపు జోలికి పోకండి, 10×50 (పది రెట్లు, 50 మిల్లీమీటర్ల గాజు) బైనాక్యులర్ తీసుకోండి. పిల్లలకోడి చుక్కలు దాంట్లోనే ఇంకా బాగుంటాయి.

ఐదుకి నాలుగు ఇస్తున్నాను. తగ్గించిన ఆ ఒకటీ ఫోకస్ మరకి. అంత డబ్బు తీసుకుని టెఫ్లాన్ టేపు నాచేత చుట్టించారు.