వ్యాగన్‌ఆరా, క్రెటానా? మధ్యలోకి పంచ్ ఎందుకొచ్చింది?

హైదరాబాద్‌లో ఉద్యోగం, ఇంట్లో నలుగురు, పండక్కి సొంతూరు ప్రయాణం. ఇలాంటి ఇంట్లో మొదటి కారు మాట రాగానే ఒకరు మారుతి చిన్న కారు వ్యాగన్‌ఆర్ అంటారు, ఇంకొకరు హ్యుందాయ్ పెద్ద బండి క్రెటా అంటారు. క్రెటా కావాలన్నవాళ్లు నలుగురిలో గొప్పగా కనిపించడానికే అని మాత్రం ఒప్పుకోరు. మన ఊరి రోడ్లు చూశావా అంటారు, హైవే మీద సేఫ్టీ ముఖ్యం కదా అంటారు. సరే, ఆ కారణాలు ఎంతవరకు నిలబడతాయో చూద్దాం.

రోడ్ల సంగతి: వ్యాగన్‌ఆర్ గ్రౌండ్ క్లియరెన్స్, అంటే బండి అడుగుకీ రోడ్డుకీ మధ్య ఎత్తు, 165 మిల్లీమీటర్లు, క్రెటాది 190. నలుగురెక్కి డిక్కీ నింపాక ఊళ్లోవాళ్లు సొంతంగా పోసుకున్న స్పీడ్ బ్రేకర్ మీద ఆ తేడా తెలుస్తుంది, కాదనను. కానీ అది ఏడాదికి రెండు మూడుసార్లు. మిగతా రోజులన్నీ కూకట్‌పల్లి ట్రాఫిక్‌లోనే కదా గడిచేది.

సేఫ్టీ లెక్క ఇంకా ఆసక్తికరం. కార్లను గుద్దించి భద్రతకు ఐదుకు స్టార్లు వేసే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ 2023 పరీక్షలో వ్యాగన్‌ఆర్‌కు పెద్దల రక్షణలో వచ్చింది ఒక్క స్టారే. ఆ తర్వాత ఆరు ఎయిర్‌బ్యాగులు ఇచ్చారు గానీ ఆ మార్కు మరిచిపోయేది కాదు. మరి క్రెటా? 2022లో పరీక్షించిన పాత మోడల్‌కు మూడు స్టార్లు. అంతకు ముందు ఏడాదే, క్రెటా కంటే ఎంతో తక్కువ ధరకు దొరికే టాటా పంచ్ ఐదు తెచ్చుకుంది. డబ్బు ఎక్కువ పోస్తే రక్షణ ఎక్కువ దొరుకుతుందన్న నమ్మకం ఇక్కడే వీగిపోయింది.

ఇక డబ్బు. 2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు ఇంజిన్ ఉన్న పెట్రోలు కారుకు జీఎస్టీ 18 శాతం, క్రెటా లాంటి పెద్ద బండికి 40 శాతం. వ్యాగన్‌ఆర్, క్రెటాల మధ్య రకం వేరియంట్లు తీసుకుంటే ఆన్‌రోడ్ ధరలో తేడా సుమారు 9 లక్షలనుకోండి. ఆ తొమ్మిదినే 9 శాతం వడ్డీకి ఏడేళ్ల లోన్ పెడితే నెలకు దాదాపు 14,500 ఈఎంఐ. పెట్రోలు ఖర్చు, ఏటా కట్టే ఇన్సూరెన్సు అదనం. వెనక సీట్లో ముగ్గురు సుఖంగా కూర్చోవడం క్రెటాలో నిజంగా ఉన్న లాభం. దాని విలువ నెలకు పద్నాలుగున్నర వేలా అన్నది మీ ఇంటి లెక్క.

ఇన్ని లెక్కలు చెప్పినా వ్యాగన్‌ఆర్‌ని చాలామంది వద్దనడానికి అసలు కారణం వేరే. హైదరాబాద్‌లో పసుపు బోర్డు (టాక్సీ నంబర్ ప్లేటు) వ్యాగన్‌ఆర్‌లు ఎన్నో! పెళ్లికి అందులో దిగితే "క్యాబ్‌లో వచ్చారా?" అని పలకరించే బంధువు ఒకరుంటారు. విచిత్రమేమంటే ఇన్నోవా టాక్సీలకూ కొదవ లేదు, అయినా దాని పరువు ఇసుమంత తగ్గలేదు. ఎమ్మెల్యేలు దిగే బండి కదా మరి.

ఈ పరువు బండి సైజులో లేదనడానికి మారుతి 800, టాటా నానో చాలు. 1983 డిసెంబర్‌లో మొదటి మారుతి రోడ్డెక్కినప్పుడు అది 796 సీసీ చిన్న బండే, కానీ ఇంటి ముందు అది ఆగిందంటే వీధి వీధంతా చూసేది. 2009లో నానో వచ్చింది. స్కూటర్ మీద నలుగురు వెళ్లే కుటుంబం కోసం, లక్ష రూపాయల కారుగా. అవసరం ఉన్నవాళ్లు కోట్లలో ఉన్నారు. మొదట్లో కొన్ని బండ్లు తగలబడ్డాయన్న వార్తలూ, 2014 క్రాష్ పరీక్షలో వచ్చిన సున్నా స్టార్లూ దెబ్బ కొట్టిన మాట నిజమే. కానీ అన్నిటికంటే "అన్నిటికన్నా చౌక కారు" అన్న ప్రచారమే దాన్ని ముంచిందని రతన్ టాటాయే తర్వాత ఒప్పుకున్నారు. స్కూటర్ దిగి కారెక్కేవాడు పైకొచ్చానని చెప్పుకోవాలనుకుంటాడు. నానో మాత్రం అతని స్తోమత ఇంతేనని ఊరందరికీ చెప్పేది. 2018 నాటికి తయారీ దాదాపు ఆగిపోయింది.

కంపెనీలకు ఈ పాఠం బాగానే ఎక్కింది. చిన్న కారు పన్నులో ఉంటూనే పెద్ద బండిలా కనిపించాలి. 2021లో వచ్చిన పంచ్ అచ్చంగా అదే: పొడవు 3.8 మీటర్లు, గ్రౌండ్ క్లియరెన్స్ 187, నిటారుగా లేచిన ముందుభాగం. 2024లో దేశంలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడైన కారు అదే. నలుగురితో, నిండు డిక్కీతో హైవే మీద లారీని దాటాలంటే దాని మామూలు మూడు సిలిండర్ల పెట్రోలు ఇంజిన్ ఆయాసపడుతుంది, ఓపిక కావాలి.

నన్నడిగితే పైన చెప్పిన ఇంటికి పంచ్ తరహా బండే మేలు. ఊరు దాటని వాడకం, ఇంట్లో మోకాళ్ల నొప్పుల పెద్దలు ఉంటే వ్యాగన్‌ఆర్. వంగకుండా ఎక్కి దిగొచ్చు, ఇరుకు సందులో తేలిగ్గా తిరుగుతుంది. క్రెటాకి నేను ఓటేసేది ఒక్క రకం మనుషులకే. రియల్ ఎస్టేట్, కాంట్రాక్టులు, పెళ్లి సంబంధాలు కుదిర్చే పని చేసేవాళ్లు. ప్లాటు చూపించడానికి వచ్చినవాడి బండిని బట్టే వాడి మాటకు విలువ కట్టే కొనుగోలుదారులు మన దగ్గర ఇప్పటికీ ఉన్నారు. అలాంటివాడికి పెద్ద కారు దుబారా కాదు, పెట్టుబడి. అతను కూడా బుక్ చేసేముందు ఒకసారి టేపు పట్టుకుని అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో తన పార్కింగ్ పిల్లర్ల మధ్య కొలుచుకోవడం మంచిది: అద్దాలు కాకుండానే క్రెటా వెడల్పు 1,790 మిల్లీమీటర్లు.